పాటకు ఈలే కొలతా?

కిందటేడు మన హాస్టల్ వార్షికోత్సవంలో జరిగిన పాటల పోటీ చాలామందికి గుర్తుండే ఉంటుంది. న్యాయనిర్ణేతలుగా రావలసిన వాళ్ళు రాలేదు. పిల్లలేమో వేదిక ముందు కూర్చుని కేకలు వేస్తున్నారు. ఏం చెయ్యాలో తోచక, పూర్వ విద్యార్థులమైన మేమే అప్పటికప్పుడు ఒక నిర్ణయం చేశాం. ఎవరి పాటకు ఎక్కువ ఈలలు, చప్పట్లు వస్తే వాళ్ళకే మొదటి బహుమతి అన్నాం. అందరూ సరే అన్నారు. ఇంతకంటే న్యాయం ఏముంటుంది అని మేమూ అనుకున్నాం.

ఒక తమ్ముడు కొత్త సినిమా పాట పాడాడు. షామియానా ఎగిరిపోతుందేమో అన్నట్టు ఈలలు పడ్డాయి. ఆ వెంటనే తొమ్మిదో తరగతి తమ్ముడొకడు వచ్చి, వాళ్ళమ్మ వరి ఉభాల్లో పాడే పాట ఎత్తుకున్నాడు. గొంతు బాగుంది. కానీ రెండో చరణం దగ్గర వెనక వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు ముందు వరుసదాకా పాకింది. తమ్ముడు పాట సగంలో ఆపేసి, తల దించుకుని దిగిపోయాడు. స్టీలు పళ్ళెం సినిమా పాటకు వెళ్ళింది.

ఆ రోజు నవ్విన వాళ్ళలో మేమూ ఉన్నాం. మా అమ్మలు కూడా ఉభాలకు వెళ్ళేవాళ్ళే. ఆ పాట మా ఇళ్ళలోదే. అయినా నవ్వాం. ఈ నాలుగు మాటలు రాయడానికి కారణం అదే.

మిత్రులారా! ఆ రోజు మేము కనిపెట్టిన పద్ధతి కొత్తదేమీ కాదు. అమెరికాలో అదే పని చాలా పెద్ద ఎత్తున జరుగుతోంది. అక్కడ బిల్‌బోర్డ్ అనే పత్రిక 1894లో మొదలైంది. 1958 ఆగస్టు నుంచి అది వారం వారం ‘హాట్ 100’ పేరుతో నూరు పాటలకు వరుస సంఖ్యలు ఇస్తోంది. ఆ జాబితాల ఆధారంగా 1990లో ‘బిల్‌బోర్డ్ మ్యూజిక్ అవార్డ్స్’ మొదలుపెట్టారు. మధ్యలో నాలుగేళ్ళు ఆగి, 2011లో మళ్ళీ మొదలయ్యాయి. 1959 నుంచి ఇస్తున్న గ్రామీ అవార్డులకు సంగీత రంగంలోని సభ్యులు ఓట్లు వేస్తారు. బిల్‌బోర్డ్ అవార్డులకు మాత్రం ముఖ్యంగా అంకెలే ఆధారం. ఎన్ని అమ్ముడుపోయాయి, రేడియోలో ఎన్నిసార్లు వేశారు, ఇంటర్నెట్‌లో ఎంతమంది విన్నారు అన్నదే లెక్క. ఒక్క మాటలో చెప్పాలంటే, అది మన ఈలల పోటీకి పెద్దన్న.

మన తెలుగునాట కూడా రెండు దారులూ ఉన్నాయి. 1964 నుంచి ఉమ్మడి రాష్ట్రంలో ఇస్తూ వచ్చిన నంది అవార్డులకు కమిటీ కూర్చుని ఎంపిక చేసేది. మరోపక్క క్యాసెట్లు, సీడీలు బాగా అమ్ముడుపోతే సినిమా వాళ్ళు ‘ప్లాటినం డిస్క్’ వేడుకలు చేసుకునేవారు. ఇప్పుడు క్యాసెట్ పోయింది, యూట్యూబ్ వచ్చింది. ఇరవై నాలుగు గంటల్లో ఎన్ని లక్షల వ్యూస్ వచ్చాయో పోస్టరు మీద వేస్తున్నారు. పాట ఎలా ఉందని అడిగితే, ఎంతమంది చూశారో చెబుతున్నాం.

అలాగని అంకె అంటేనే చెడ్డదని మేము అనడం లేదు. అంకె మనకు చేసిన మేలు మరిచిపోతే కృతఘ్నులమవుతాం. పబ్లిక్ పరీక్షలో జవాబు పత్రం దిద్దే చోట మన పేరు ఉండదు, ఊరు ఉండదు, కులం ఉండదు. నంబరు ఒక్కటే ఉంటుంది. మా ఇళ్ళలో మొదటిసారి డిగ్రీ పట్టా చూసినవాళ్ళం మేము. ముఖం చూసి మార్కులు వేసే పద్ధతి అయితే మాలో ఎంతమందికి ఆ పట్టా దక్కేదో చెప్పలేం.

పాటల విషయంలోనూ అలాంటిదే ఒకటి జరిగింది. ఒకప్పుడు బిల్‌బోర్డ్ వాళ్ళు ఏ ఆల్బమ్ బాగా అమ్ముడుపోతోందో దుకాణాల వాళ్ళను అడిగి, వాళ్ళు చెప్పినదాన్నిబట్టి జాబితా వేసేవారు. చెప్పేవాడి ఇష్టాయిష్టాలు అందులో కలిసిపోయేవి. 1991 మే నెలలో సౌండ్‌స్కాన్ అనే కొత్త పద్ధతి తెచ్చారు. దుకాణంలో బిల్లు కొట్టేటప్పుడు బార్‌కోడ్ ద్వారా నిజమైన అమ్మకాలు లెక్కకు వచ్చాయి. మరుసటి నెలలోనే ఎన్.డబ్ల్యు.ఏ. అనే నల్లజాతి యువకుల ర్యాప్ బృందం ఆల్బమ్ మొదటి స్థానానికి వచ్చింది. ఆ పాటలు కొనేవాళ్ళు ఒక్క రాత్రిలో పుట్టుకొచ్చారా? లేదు. అంతకుముందూ ఉన్నారు. లెక్కలోకి రాలేదు, అంతే. కాబట్టి నిజాయితీగల లెక్క అట్టడుగున ఉన్నవాడి పక్షాన నిలబడుతుందని మేము ఒప్పుకుంటాం.

అయితే ఆ లెక్కలో ఎవరున్నారు, ఎవరు లేరు అన్నదే మా ప్రశ్న.

2018లో బిల్‌బోర్డ్ ఆల్బమ్‌ల జాబితాకు ఒక సూత్రం పెట్టారు. నెలనెలా డబ్బు కట్టి వినేవాళ్ళు 1,250 సార్లు పాటలు వింటే ఒక ఆల్బమ్ అమ్ముడుపోయినట్టు లెక్క. ప్రకటనలు భరిస్తూ ఉచితంగా వినేవాళ్ళయితే 3,750 సార్లు వినాలి. తరువాత ఈ అంకెలు కాస్త మార్చారు గానీ తేడా మాత్రం ఉంచారు. తమ్ముళ్ళూ, ఒక్కసారి ఆలోచించండి. మనలో డబ్బు కట్టి పాట వినేవాళ్ళు ఎవరు? ఒకే ఫోను చుట్టూ నలుగురం చేరి, సబ్బు ప్రకటన అయ్యేదాకా ఆగి, అప్పుడు పాట వినేవాళ్ళం మనం. ఆ సూత్రం ప్రకారం మనం ముగ్గురం కలిస్తే డబ్బున్న ఒక్కడికి సమానం. వ్యాపారానికి అది న్యాయమే కావచ్చు. వాళ్ళు డబ్బు లెక్కపెడుతున్నారు, దాచడం లేదు. మనమే ఆ డబ్బు లెక్కను పాట విలువ అనుకుని మోసపోతున్నాం.

ఇక అసలు ఏ లెక్కలోకీ రాని పాటల మాటేమిటి?

1757 జనవరి 24న మన బొబ్బిలి కోట దగ్గర యుద్ధం జరిగింది. ఆ కథను ఊరూరా మోసినవాళ్ళు ఎవరు? జంగం కథలవాళ్ళు, బుర్రకథలవాళ్ళు. రాత్రంతా చెప్పి, తెల్లవారి ఊళ్ళో వాళ్ళు పెట్టిన గింజలు మూట కట్టుకుని పక్క ఊరికి నడిచారు. 1964లో ‘బొబ్బిలి యుద్ధం’ సినిమా వచ్చేనాటికే ఆ కథ రెండు వందల ఏళ్ళు బతికి ఉంది. దానికి ఏ టాప్ టెన్‌లో చోటు దొరికింది?

మన పక్కనే, పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో 1943లో వంగపండు ప్రసాదరావు పుట్టారు. విశాఖ షిప్‌యార్డులో పనిచేశారు. జననాట్యమండలిలో గజ్జె కట్టి, మన ఉత్తరాంధ్ర యాసనే పాట చేసి ఊళ్ళు తిరిగారు. 1986లో ‘అర్ధరాత్రి స్వతంత్రం’ సినిమాలోకి ఆయన పాట వెళ్ళింది. ఆ పాట పల్లవే 2009లో ‘మగధీర’లో మళ్ళీ వినిపించింది. సినిమాలో వచ్చిన పాటకు లెక్క ఉంటుంది. అంతకుముందు రచ్చబండల మీద, కూలీల గుంపుల్లో, లాంతరు వెలుగులో పాడిన రాత్రులకు లెక్క ఎక్కడుంది? 2020 ఆగస్టు 4న ఆయన కన్నుమూశారు. ఆయన సహచరుడు గద్దర్ అయితే, ‘ఒరేయ్ రిక్షా’ పాటకు నంది అవార్డు ప్రకటిస్తే తీసుకోనన్నారు. 2025లో తెలంగాణ ప్రభుత్వం ఆయన పేరుతోనే సినిమా అవార్డులు ఇచ్చింది. ముందు పాట నడుస్తుంది, అవార్డు దాని వెనక పరుగెత్తుకొస్తుంది.

అయితే నలుగురు మెచ్చిన పాటంతా చెత్త అని కూడా ఎవరూ అనుకోకూడదు. సాలూరు రాజేశ్వరరావుది మనకు దగ్గరలోని సాలూరు పక్కన శివరామపురం. పి. సుశీల పుట్టింది విజయనగరంలో. వాళ్ళ పాటలు పాడని తెలుగిల్లు లేదు. సుశీల పాడిన పాటలు 17,695 అని 2016లో గిన్నిస్ వాళ్ళు లెక్కకట్టారు. ఆ అంకె చూసి మేమూ ఛాతీ విరుచుకున్నాం. కానీ వాటిలో ఏ పాటతో ఏ తల్లి తన బిడ్డను నిద్రపుచ్చిందో ఆ అంకె చెప్పదు. తెల్లవారుజామున కుళాయి దగ్గర బకెట్టు వరుసలో నిలబడి మేము పాడుకున్నవి కూడా సినిమా పాటలే. హిట్ పాట మీద మాకు కోపం లేదు. అదొక్కటే పాట అనుకున్న మా బుద్ధి మీదే కోపం.

మన బొబ్బిలికి పేరు తెచ్చిన వీణనే చూడండి. గొల్లపల్లి కళాకారులు పనస దుంగను తొలిచి, ఓపికగా పని చేస్తే ఒక వీణ తయారవుతుంది. వాళ్ళే సభల్లో జ్ఞాపికలుగా ఇచ్చే చిన్న చిన్న వీణలూ చేస్తారు. ఆ చిన్న వీణలకు గిరాకీ ఎక్కువ. అద్దాల బీరువాలో పెట్టుకుంటే అందంగా ఉంటాయి. కాని వాటిమీద పాట పలకదు. అవార్డు కూడా అలాంటిదే. చూసి సంతోషించవచ్చు. వినాలంటే మాత్రం అసలు వీణ దగ్గరికే వెళ్ళాలి.

మరి మనం ఏం చెయ్యాలి? బిల్‌బోర్డ్‌ను మార్చడం మన చేతిలో లేదు. మన వార్షికోత్సవం మాత్రం మన చేతిలో ఉంది. అందుకే మేము మూడు పనులు అనుకున్నాం.

ఒకటి. ఈ ఏడాది పాటల పోటీలో ఈలల బహుమతి అలాగే ఉంటుంది. దానితో సమానంగా ఇంకో పళ్ళెం పెడుతున్నాం. అది ఇంట్లోగాని, పొలంలోగాని నేర్చుకున్న పాటకు. పాడేవాడు ముందుగా ఆ పాట ఎవరి దగ్గర నేర్చుకున్నాడో పేరు చెప్పి పాడాలి. ఆ పేరు కూడా మైకులో వినబడాలి.

రెండు. సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ప్రతి ఒక్కరూ ఒక్క పాటైనా రాసుకుని రావాలి. అమ్మ, నాయనమ్మ, పక్కింటి పెద్దమ్మ, తప్పెటగుళ్ళ బృందంలోని తాత, ఎవరైనా సరే. ఫోనుంటే గొంతు కూడా దాచండి. వ్యూస్ కోసం కాదు, ఆ ముసలి గొంతు మళ్ళీ దొరకదు కనుక. హాస్టల్ గ్రంథాలయంలో దానికోసం ఒక లెడ్జరు పుస్తకం పెడుతున్నాం.

మూడు. ఎవరైనా పాడుతుంటే, పాట అయ్యేవరకు నవ్వకూడదు. ఈ నియమం మొదట మాకే.

ఆ తొమ్మిదో తరగతి తమ్ముడు ఇప్పుడు పదో తరగతిలో ఉన్నాడు. వెళ్ళి క్షమించమని అడిగాం. “పర్లేదన్నా” అన్నాడు. మిగతా పాట పాడమని అడిగితే మాత్రం తల అడ్డంగా ఊపాడు. ఆ సగం పాట మా మీద ఉన్న అప్పు. ఈ వార్షికోత్సవానికి వాళ్ళమ్మను పిలుస్తున్నాం. ఆమె వస్తే ముందు వరుసలో కుర్చీ వేస్తాం. పాడితే వింటాం. పాడకపోయినా, ఆమె పాట మీద నవ్వినవాళ్ళం లేచి నిలబడి దణ్ణం పెడతాం.

ఆ రోజు ఎన్ని ఈలలు పడ్డాయో ఎవరూ లెక్కపెట్టవద్దు.

– ఒక పూర్వ విద్యార్థి, ఎం.ఏ.
(తోటి పూర్వ విద్యార్థులందరి తరఫున)