సీసా మీద అచ్చేసిన పేరు

మా బావగారిది రాజమండ్రిలో పచ్చళ్ల కొట్టు. ఆరేళ్ల కిందట ఒక కుర్రాడికి నలభై వేలిచ్చి వెబ్‌సైట్ చేయించారు. బాగా చేశాడు. ఆ చిరునామాను సంచుల మీద, సీసాల లేబుళ్ల మీద అచ్చేయించారు. మూడేళ్లు తిరిగేసరికి ఓ పొద్దున సైటు తెరుచుకోలేదు. ఆరా తీస్తే, డొమైన్ పేరు ఆ కుర్రాడి మెయిల్‌తో, అతని పేరు మీదే ఉంది. రెన్యువల్ కట్టమన్న మెయిళ్లన్నీ అతనికే వెళ్లాయి. అతను ఊరు మారాడు, నంబరూ మారింది. మిగిలిన లేబుళ్ల మీద తెల్ల కాగితం అంటిస్తూ అక్కయ్య కూర్చున్న సాయంత్రం నాకింకా గుర్తు.

అందుకే, విక్స్, షాపిఫై లాంటి వెబ్‌సైట్ బిల్డర్లలో సైటు మనమే చేసుకోవాలా, డెవలపర్‌తో ప్రత్యేకంగా రాయించుకోవాలా అని ఎవరైనా అడిగితే నేను ముందు అడిగేది ఒకటే. పేరు ఎవరి చేతిలో ఉంటుంది?

పని మటుకు చాలామందికి బిల్డర్‌తో జరిగిపోతుంది. ఆత్రేయపురంలో పూతరేకుల కొట్టుకు ఏం కావాలి? బెల్లంవి, పంచదారవి, డ్రైఫ్రూట్స్‌వి, ఏది ఎంత, పెట్టెకు ఎన్ని, ఎన్నాళ్లు నిలవుంటాయి, యూపీఐ, కొరియర్. నెలకింతని కడితే ఇవన్నీ అందులోనే అమరతాయి. పండక్కి ధర మారితే రాత్రి కొట్టు కట్టేశాక యజమానే ఫోన్‌లో మార్చుకోవచ్చు. దీనికి లక్ష పోసి కోడ్ రాయించడం దండగ. ఆ డబ్బులో కొంత పెట్టి మంచి ఫొటోలు తీయించండి.

టెంట్ హౌస్ సంగతి వేరు. అక్కడ సరుకు అమ్ముడుపోదు, వెళ్లి తిరిగొస్తుంది. మాఘమాసంలో ఒకే ముహూర్తానికి నాలుగు పెళ్లిళ్లు. కుర్చీలెన్ని బయట ఉన్నాయి, షామియానాలెన్ని ఖాళీ, గుండిగలు ఎప్పటికి తోమి సిద్ధమవుతాయి, ఎవరి అడ్వాన్సు ఎంత? ఈ లెక్కకు ఆ యజమాని నోటుపుస్తకంలో ఏళ్లనాటి పద్ధతి ఉంటుంది. ఆ పద్ధతిని వదులుకోమనడం కన్నా దానికి తగ్గట్టు సైటు రాయించడమే న్యాయం. కాకపోతే రాసినవాడు వెళ్లిపోయినా ఇంకొకరు అందుకునేలా ఉండాలి. 2003 నుంచి నడుస్తున్న వర్డ్‌ప్రెస్ మీద కట్టిస్తే, ఆ పని తెలిసినవాళ్లు వెతికితే దొరుకుతారు.

బిల్డర్‌ను నమ్ముకున్నా పేరు మాటే మళ్లీ వస్తుంది. గూగుల్ తన బిజినెస్ ప్రొఫైల్‌తో ఉచితంగా ఇచ్చిన సైట్లను 2024 మార్చిలో మూసేసింది. చివర 'బిజినెస్ డాట్ సైట్' అని ఉన్న ఆ చిరునామానే కార్డుల మీద వేయించుకున్నవాళ్లకు అది పనికిరాకుండా పోయింది. సొంత డొమైన్ ఉంటే దాన్ని కొత్త సైటు వైపు తిప్పుకుంటే సరిపోతుంది. విక్స్‌లో కట్టిన సైటును ఉన్నదున్నట్టు మరోచోటికి ఎత్తుకుపోలేం, పేరును మాత్రం తీసుకుపోవచ్చు. సరుకు వివరాలు, ఫొటోలు, ఖాతాదారుల నంబర్లు కూడా మీ దగ్గర విడిగా దాచుకోండి.

బావగారు ఈమధ్య కొత్త పేరు కొన్నారు, తన మెయిల్‌తో, తన కార్డుతో. మేనకోడలు రెండు ఆదివారాలు కూర్చుని బిల్డర్‌లో సైటు చేసిపెట్టింది. పాత పేరును ఎవరో కొని అమ్మకానికి పెట్టారు. ఇంట్లో పాత సీసా ఉన్నవాళ్లు ఆవకాయ కోసం ఇప్పటికీ అక్కడికే వెళ్తున్నారు.