తలకు దెబ్బ తాకితే కూత ఆగాలి: మెదక్ కబడ్డీ ఆటగాళ్ల ప్రణాళిక

మెదక్ పట్టణంలో, చుట్టుపక్కల మండలాల్లో కబడ్డీ ఆడేవాళ్లం, ఒకప్పుడు ఆడినవాళ్లం, ఆడే పిల్లల తల్లిదండ్రులం కలిసి ఈ ప్రణాళిక రాసుకుంటున్నాం. సంఘానికి పేరింకా కుదరలేదు. కుదిరేదాకా ఆగే ఓపిక మాకు లేదు.

కూతకెళ్లిన పిల్లగాణ్ని నలుగురు పట్టి ఎత్తేస్తారు. తల నేలకు కొట్టుకుంటది. ఎవరో మొహం మీద నీళ్లు కొడతారు. "ఏం గాలే, లేవురా" అంటారు. వాడు లేస్తాడు, చప్పట్లు మోగుతాయి, రెండు నిమిషాలకు మళ్లీ కూతకు పోతాడు. స్కోరెంతరా అంటే చెప్పలేడు. కానీ ఎవరూ అడగరు.

అమెరికా ఫుట్‌బాల్‌లో ఈ లేపి నిలబెట్టే అలవాటే కోర్టుకెక్కింది. 2002లో పిట్స్‌బర్గ్‌లో డాక్టర్ బెన్నెట్ ఒమాలు, మాజీ ఆటగాడు మైక్ వెబ్‌స్టర్ మెదడును పరీక్షించి సీటీఈ అనే జబ్బును గుర్తించాడు. దెబ్బ మీద దెబ్బ తాకి, స్పృహ తప్పకపోయినా, ఏళ్ల తర్వాత మతిని తినేసే జబ్బది. మనిషి పోయాక మెదడును కోసి చూస్తేనే అది ఖాయంగా తేలుతుంది. 2011 నుంచి మాజీ ఆటగాళ్లు వేల సంఖ్యలో ఎన్‌ఎఫ్‌ఎల్ లీగ్ మీద దావాలు వేశారు: ప్రమాదం తెలిసీ మాకు చెప్పలేదని. 2013లో 76.5 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది, తర్వాత ఆ పరిమితినీ ఎత్తేశారు. అందులోనూ నల్లజాతి ఆటగాళ్ల తెలివి మొదటి నుంచీ తక్కువేనని లెక్కగట్టి పరిహారం ఎగ్గొట్టే సూత్రమొకటి నడిచింది. గొడవయ్యాక 2021లో దాన్ని మానుకుంటామన్నారు.   

కబడ్డీలో తలలు అన్నిసార్లు ఢీకొనవు, నిజమే. కానీ ఆ అమెరికా ఆటగాళ్లకు దావా వేయడానికి ఒక లీగుంది. మనకెవరున్నారు? టోర్నీ కమిటీ పండగకు పుడుతుంది, కప్పులు పంచగానే మాయమవుతుంది. ఫ్లెక్సీ మీద ఇరవై మొహాలు నవ్వుతుంటాయి, స్కానింగ్ బిల్లు మాత్రం తండ్రి కడతాడు. 2014లో ప్రో కబడ్డీ మొదలయ్యాక మన పిల్లలు తెలుగు టైటాన్స్‌ను చూసి డ్యాష్‌లు, చైన్ ట్యాకిల్‌లు నేర్చారు. అక్కడి మ్యాట్, డాక్టర్ మాత్రం ఊరికి రాలేదు. గట్టి నేల మీదే ఆ పట్లన్నీ పడుతున్నారు.

అందుకే దెబ్బ తగిలాక కోర్టుకు పోయే దారి కంటే ముందు, ఆటకు ముందే కాగితం మీద పేరు కావాలంటున్నాం. ప్రతి టోర్నీకీ బాధ్యుడెవరో ముందే రాసి సంతకం పెట్టాలి. ప్రవేశ రుసుములో కొంత వైద్యానికి పక్కన పెట్టాలి. తలకు దెబ్బ తాకిన ఆటగాడు మూర్ఛపోకపోయినా ఆ రోజు మళ్లీ బరిలోకి దిగకూడదు, డాక్టర్ చెప్పేదాకా తర్వాతా దిగకూడదు. 2019 నుంచి అంతర్జాతీయ క్రికెట్‌లో ఇలాంటి దెబ్బ తగిలినవాడి బదులు ఇంకో ఆటగాణ్ని దించుతున్నారు. మనమూ దించుదాం, మార్పుల లెక్కలో కలపకుండా. వాంతులు, మత్తు, తలనొప్పి పెరగడం, మాట తడబడడం కనిపిస్తే నిద్రపుచ్చి చూద్దామనొద్దు, వెంటనే 108కు ఫోన్ చేయాలి. పెద్దాసుపత్రులున్న హైదరాబాద్ దాదాపు 100 కిలోమీటర్ల దూరం. మెదడులో రక్తం చేరితే ప్రతి గంటా లెక్కలోకొస్తుంది.

కోచ్‌లకొక మాట. దెబ్బ దాచిపెట్టి ఆడేవాణ్ని మొనగాడని పొగడొద్దు. వాడు దాచేది మీ పొగడ్త కోసమే.

వచ్చే దసరా టోర్నీల కమిటీలన్నిటికీ ఈ కాగితం ముందుగానే ఇస్తాం. సంతకం చేయని చోట మా జట్లు ఆడవు, కప్పు ఎంత పెద్దదైనా.