రస్కులు మెత్తబడ్డ వారం

మీ వూళ్ళో పంటలు బాగున్నాయా లేదా అన్నది మీరు ఎలా తెలుసుకుంటారు? పేపరు చూస్తారు కాబోలు. మా కొత్తచెరువులో మటుకు నా బేకరీలోని అద్దాల బీరువా చూస్తే చాలు. దీపావళి నాటికి పైఅరలో దిల్‌పసందు మిగలకుండా పోతూ వుంటే ఆ యేడు శెనక్కాయ పండిందన్నమాట. పైఅర నిండుగా వుండి, కింద రస్కుల డబ్బాలు ఖాళీ అవుతూ వుంటే, వూళ్ళో చాలామంది బెంగుళూరు బస్సు కోసం చూస్తున్నారన్నమాట. వాతావరణశాఖవారు నన్ను మన్నింతురు గాక!

మాది మొన్నటిదాకా అనంతపురం జిల్లా. 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా అయింది. జిల్లా పేరు మారిన సంగతి మబ్బులకు ఎవరూ చెప్పినట్టు లేదు. నైరుతి మబ్బుల్ని పడమటి కనుమలు అటే పిండేసుకుంటాయి. బంగాళాఖాతం తుపానులు ఇక్కడికి వచ్చేసరికి అలిసిపోతాయి. ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్ల ప్రాంతంలో పడితే పడినట్టు. అదైనా అడిగినప్పుడు పడదు. శెనక్కాయ చెట్టుకు ఊడలు దిగే వేళ మూడు వారాలు వాన మొహం చాటేసిందా, పైన ఆకు పచ్చగానే వుంటుంది, పీకి చూస్తే కాయ వుండదు.

ఇటువంటి చోట బేకరీ ఏమిటని అడుగుతారేమో. మాకు ఈ విద్య బెంగుళూరు నుంచి వచ్చింది. హాసన్ ప్రాంతపు తిరుమలాచార్ అనే అయ్యంగారు ఒక దొరవద్ద రొట్టె కాల్చటం నేర్చుకుని, 1898లో చిక్కపేటలో దుకాణం తెరిచారని చెప్పుకుంటారు. గుడ్డు తగలని కేకులు, ఖారా బన్నులు, దిల్‌పసందు ఆ వంశానివే. నేను పద్దెనిమిదో యేట వెళ్ళి, అటువంటి దుకాణం ఒకదానిలో ఏడేళ్ళు పిండి పిసికి, ఆ విద్య మూటకట్టుకుని వచ్చేశాను.

దిల్‌పసందు తినని వారికోసం చెప్తున్నాను. పొరలు పొరలుగా మైదా, మధ్యన కొబ్బరి, చక్కెర, రంగురంగుల టూటీ ఫ్రూటీ. చిన్న పళ్ళెమంత గుండ్రంగా చేసి ఎనిమిది ముక్కలు కోస్తాం. ఒకసారి ఒక రైతు ముక్క కొరికి, ఎర్రటి పలుకు వేలిమీద పెట్టుకుని, "ఇదేం పండప్పా, బెంగుళూరుదా?" అన్నాడు.

"నీ తోటలోదే" అన్నాను.

"నగుబాట్లు ఆడొద్దప్పా" అన్నాడు. నిజమే చెప్పాను సుమండీ. పచ్చి బొప్పాయిని ముక్కలు చేసి, పాకంలో ఉడికించి, రంగు వేస్తే అదే టూటీ ఫ్రూటీ. బోరు నీళ్ళతో అతను పండించేది బొప్పాయే. తన కాయ ఇంత వేషం వేసుకుని తిరిగి వచ్చిందని తెలిసి, ఇంట్లో చూపించాలని ఇంకో రెండు ముక్కలు కట్టించుకుపోయాడు.

రాగి బిస్కెట్ల గురించి మా వూరి అవ్వల అభిప్రాయం వేరు. "సంగటి తినీ తినీ యాష్టపడి వరన్నానికొస్తిమి. నువ్వు మళ్లా రాగుల్నే అంగట్లో పెట్టి అమ్ముతాండావా?" అని ఒకావిడ నిలదీసింది. 2000లో మా పక్కన ప్రశాంతి నిలయం రైల్వేస్టేషను వచ్చాక, పుట్టపర్తికి వచ్చేపోయే పైవూరివాళ్ళు వాటిని ఆరోగ్యమని కొంటారని చెప్పాను. ఆవిడ నవ్విన నవ్వు ఇక్కడ రాయలేను. రాగికి సాగే గుణం లేదు, విడిగా చేస్తే పొడి పొడిగా రాలిపోతుంది. సగం గోధుమపిండి కలపాల్సిందే.

ఇక రస్కు. ఎండాకాలం మా వూళ్ళో పిండిముద్దను పావుగంట వదిలేస్తే పైన పెచ్చు కడుతుంది. ఎప్పుడూ తడిగుడ్డ కప్పి వుంచాలి. వేడికి ఈస్టు తొందరపడి పొంగించేస్తుంది గనుక కడవ నీళ్ళతో కలుపుతాను. ఇన్ని అవస్థలు పెట్టే ఈ పొడిగాలే రస్కు దగ్గరికి వచ్చేసరికి చుట్టమైపోతుంది. రొట్టెను కోసి రెండోసారి కాల్చి, తడి అంతా లాగేస్తే రస్కు. సముద్రం ఒడ్డు వూళ్ళలో డబ్బా మూత తీసి పెడితే గంటల్లో నీరుగారిపోతుంది. మా దగ్గర మార్చి నెలలో మూత లేకపోయినా రోజుల తరబడి కరకరలాడుతుంది. కరువు గాలి మాకు చేసే ఉపకారం ఇదొక్కటే.

రోజూ తెల్లవారి ఒక తాత వస్తాడు. మూడు రస్కులు, ఒక టీ. రస్కును టీలో ముంచి, అది విరిగి గ్లాసులో పడేలోగా నోటికి అందించాలి. ఆయన లెక్క ప్రకారం మూడు అంకెలు. నాలుగు లెక్కపెట్టినవాడు చెంచా వెతుక్కోవాలి.

2018 ఖరీఫ్ మాకు కలిసిరాలేదు. సంక్రాంతి దాటగానే మూటలు సర్దుకున్న కుటుంబాలు బస్సుకు ముందు నా దగ్గర ఆగేవి. రస్కు ఎన్నాళ్ళయినా నిలుస్తుంది గదా. అలా ఆగిన ఒక తల్లి, "అర్ధకిలో కేకు ఎంతన్నా?" అంది. చెప్పాను. కాసేపు వూరుకుని, "రెండు ప్యాకెట్లు రస్కులియ్యి" అంది. పక్కన ఆరేడేళ్ళ పిల్ల. ఎవరో పురమాయించిన కేకుమీద పేరు చూస్తూ, "బన్నుమింద పేరు రాయరా?" అని అడిగింది.

రాయకేం? క్రీము గొట్టం తీసి రాశాను. రెండక్షరాల పేరు, చక్కగా పట్టింది. ఆ పిల్ల తినలేదు. తింటే పేరు పోతుందని రెండు చేతులతో పట్టుకుని బస్సెక్కింది. బాగేపల్లి దాటేలోగా తిని వుంటుందనే నా నమ్మకం.

ఆనాటి నుంచి అడిగిన పిల్లలకల్లా బన్నుమీద పేరు రాస్తున్నాను. డబ్బు తీసుకోను. నెలకు క్రీము ఎంతవుతోందో మా ఆవిడ లెక్కకట్టి చూపించింది, నేను చూసి ఇచ్చేశాను. కుర్రాళ్ళు ఇంగ్లీషు అక్షరాలు అడుగుతారు గాని, క్రీముకు తగినవి మన తెలుగు అక్షరాలే. అంతా గుండ్రం, చెయ్యి ఎత్తే పనే వుండదు. వెంకటలక్ష్మమ్మలతోనే చిక్కు. వాళ్ళకు రెండు బన్నులు కావాలి.

మా బావమరిది ఫోను చేసినప్పుడల్లా, "బావా, అక్కడేముంది? బెంగుళూరు వచ్చెయ్. వీధికి రెండు బేకరీలున్నా అన్నీ నడుస్తున్నాయి" అంటాడు. కొట్టిపారెయ్యటానికి లేదు. మైదా ధర మైదా ధరే, కరువు యేడు అద్దె మూడు నెలలు బాకీ పడ్డ రోజులున్నాయి. అయితే ఉగాదికి వలస వెళ్ళినవాళ్ళు తిరిగి వస్తారు. అన్ని బేకరీల మధ్య నుంచి వచ్చి నా కొట్టుముందు నిలబడి బన్నడుగుతారు. వాళ్ళు వచ్చేసరికి ఇక్కడ తాళం వుంటే ఎలా? ఈ మాట బావమరిదికి చెబితే నవ్వుతాడు.

ఆ తల్లి కూడా 2019 ఉగాదికి వచ్చింది. ఒక్కతే వచ్చింది. పిల్లను అక్కడే బళ్ళో వేశారట. "పేరు రాసియ్యన్నా, తీస్కపోతా" అని బన్ను డబ్బాలో పెట్టించుకుంది. పేరు నేను అడగలేదు. గుర్తుంది.

2021 నవంబరులో మాత్రం వాన ఆగలేదు. చిత్రావతి పొంగింది. పీకి ఆరబెట్టిన శెనక్కాయ తడిసిన రైతుల గోడు వేరే చెప్పాలి. మాకు వానైనా లెక్కప్రకారం రాదు. బట్టీలో కట్టెలు పొగచూరాయి, దిల్‌పసందు పొరలు సాగాయి. ఇన్నేళ్ళలో మొదటిసారి డబ్బాలో రస్కులు మెత్తబడ్డాయి. తాత గొడుగు మూసి వచ్చి కూర్చున్నాడు. రస్కు అందుకుని వేళ్ళతో నొక్కి చూశాడు.

"పారేసి వేరేవి కాలుస్తాను తాతా" అన్నాను.

"ఏంటికి? ఇట్లే ఇయ్యి. ఈ పొద్దు ముంచే పనే ల్యాదు" అని మూడూ తినేసి, నాలుగోది అడిగాడు.