రూపశిల్పియు, వడ్రంగి బల్లయు

మిలాన్ నగరమున 1961వ సంవత్సరము మొదలుకొని జరుగుచున్న గృహోపకరణ ప్రదర్శనమును గూర్చి మన పట్టణములయందలి విద్యావంతులు కొంత వినియేయుందురు. అచ్చట కుర్చీని చేసిన కార్ఖానా పేరుతోపాటు దానిని ఊహించిన వ్యక్తి పేరును ప్రముఖముగా ప్రకటింతురు. ఇట్టివారినే నేడు డిజైనర్లని పిలుచుచున్నారు; మేము రూపశిల్పులని వ్యవహరింతుము. వీరి కీర్తిని పత్రికలు సినిమాతారల కీర్తివలెనే చాటుచున్నవి. వీరు మలచిన కుర్చీ వెల యెంతయో మనకు తెలియును. వీరు ఈ వృత్తిలోనికి ఎట్లు వచ్చిరి, తొలుత ఎవరియొద్ద ఏమి నేర్చిరి యని అడుగువారు మాత్రము అరుదు. అడిగినచో వచ్చు సమాధానము, విద్యను గూర్చి మన మధ్యతరగతి కుటుంబములలో పాతుకొనియున్న ఒక విశ్వాసమును కదలింపగలదు.

స్విట్జర్లండు దేశీయుడగు పీటర్ జుంథోర్ జీవితమును చూడుడు. ఇతడు 1943లో బాసెల్ నగరమున ఒక వడ్రంగి యింట జన్మించెను. 1958లో, మన బాలురు ఉన్నతపాఠశాలయందు పాఠములు వల్లించు వయస్సున, కొయ్యపని నేర్చుటకై శిష్యరికమున ప్రవేశించెను. నాలుగేండ్లు రంపము, చిత్రిక, ఉలి పట్టిన పిమ్మటనే ఆ నగరపు కళాపరిశ్రమల పాఠశాలలోను, 1966లో న్యూయార్కునందలి ప్రాట్ విద్యాలయమునను రూపరచన నభ్యసించెను. స్వదేశమునకు మరలి, గ్రాబుండెన్ అను కొండమండలమున ప్రాచీన కట్టడముల సంరక్షణశాఖలో సుమారు పదియేండ్లు పనిచేసెను. 1979లో హాల్డెన్‌స్టైన్ అను చిన్న గ్రామమున స్వంత కార్యాలయము తెరచునాటికి ఆతనికి ముప్పదియారేండ్లు. లోకఖ్యాతి తెచ్చిన వాల్స్ గ్రామపు స్నానశాల 1996లోగాని పూర్తికాలేదు. వాస్తుశిల్పులకు మిక్కిలి గౌరవప్రదమగు ప్రిట్జ్‌కర్ బహుమానము 2009లో లభించెను. శిష్యరికమునకును ఆ బహుమానమునకును నడుమ 51 సంవత్సరములు గడచినవి! ఒక్క పరీక్షలో ర్యాంకు వచ్చిన కుమారుని జీవితము అంతటితో స్థిరపడినదని తలంచు తండ్రులు ఈ లెక్కను ఒకింత మననము చేయుదురుగాక.

ఆతని పనులలో భూస్వాములగు మా పాఠకులకు ప్రత్యేకముగా రుచించునది ఒకటి కలదు. జర్మనీలోని మెఖర్నిఖ్ ప్రాంతమున ఒక రైతుదంపతులు తమ పొలమున చిన్న ప్రార్థనామందిరమును కట్టింపదలచి ఆతనిని కోరిరి. 112 మ్రానులను గుడారమువలె నిలిపి, వాని చుట్టును అరమీటరు మందముగల పొరలు 24 పోసి, దినమునకొక పొర చొప్పున కాంక్రీటు గోడను లేపిరి. ఈ పనిలో రైతులును, వారి బంధుమిత్రులును స్వయముగా పాల్గొనిరి. గోడ గట్టిపడిన తరువాత లోపలి మ్రానులకు నిప్పు పెట్టగా అవి వారములతరబడి మెల్లగా కాలెను. కొయ్య పోయినది, దాని యచ్చు, మసి మాత్రము గోడకు నిలిచినవి. 2007లో ముగిసిన ఈ మందిరమునకు నేడు దూరదేశములనుండి యాత్రికులు వచ్చుచున్నారు. కొయ్య ఎట్లు నిలుచునో, ఎట్లు ఎండునో, ఎట్లు కాలునో చేతితో ఎరుగనివానికి ఇట్టి యూహ తట్టుట దుర్లభమని మా యభిప్రాయము.

జుంథోర్ ఒక్కడే యిట్టివాడు కాడు. మ్యూనిక్ నగరమున 1965లో జన్మించిన కాన్‌స్టాంటిన్ గ్రిచిచ్, ఇంగ్లండునందలి పార్న్‌హంలో జాన్ మేక్‌పీస్ నెలకొల్పిన పాఠశాలయందు కొయ్యపని నేర్చి, ఆ తరువాతనే లండను రాయల్ కాలేజి ఆఫ్ ఆర్టులో చేరెను. జాస్పర్ మారిసన్ యొద్ద కొంతకాలము పనిచేసి 1991లో స్వంత శాలను తెరచెను. విచిత్రమేమనగా, ఆతనికి పేరు తెచ్చిన ‘చెయిర్ వన్’ కొయ్యది కానేకాదు. మాజిస్ అను ఇటలీ కార్ఖానా కొరకు, కరగిన అల్యూమినియమును అచ్చున పోసి చేయించినది. కొయ్యపని నేర్చుట కొయ్యకుర్చీలు చేయుటకు మాత్రమే యని తలంచువారికి ఇది చాలినంత ప్రత్యుత్తరము. పదార్థము మన యిచ్ఛను ఎచ్చట మన్నించును, ఎచ్చట ధిక్కరించును అను వివేకము చేతివ్రేళ్ల గుండనే మనస్సున కెక్కును.

1932లో జన్మించిన డీటర్ రామ్స్ తాత వడ్రంగులలో మేటి. రామ్స్ వాస్తువిద్య చదువుచు నడుమ చదువు మాని కొయ్యపని శిష్యరికము చేసెను. 1955లో బ్రౌన్ కార్ఖానాలో చేరి, 1961 మొదలు 1995 వరకు దాని రూపకల్పనశాఖకు అధిపతియై, రేడియోలను, గడియారములను, గణితయంత్రములను తీర్చెను. 1960లో ఆతడు కల్పించిన గోడబీరువా నేటికిని విక్రయమగుచునే యున్నది. వీరికి పూర్వుడగు డెన్మార్కు శిల్పి హాన్స్ వెగ్నర్ చెప్పులుకుట్టువాని కుమారుడు. బాల్యముననే వడ్రంగి శిష్యుడయ్యెను. ఆతని ‘వై’ కుర్చీ 1950 నుండి యెడతెగక తయారగుచున్నది. దాని కూర్చుండు భాగమును 120 మీటర్ల కాగితపు త్రాటితో చేతితోనే అల్లుదురు. నులకమంచము అల్లెడు మన పల్లెవాసికి ఆ పని చూచిన ఆశ్చర్యము కలుగదు. దాని వెల విన్నచో కలుగును.

ఈ సిద్ధాంతమునకు అపవాదములు లేకపోలేదు. బాగ్దాదున జన్మించిన జాహా హదీద్ బీరూటులో గణితశాస్త్రము చదివి, లండనులో వాస్తువిద్య నభ్యసించెను. 1983లో హాంగ్‌కాంగు పోటీలో గెలిచినను ఆ కట్టడము లేవలేదు. ఏండ్లతరబడి ఆమె గీతలు కాగితమునకే పరిమితములై యుండెను. కడకు 1993లో వైల్ ఆం రైన్‌యందు ఆమె తొలి ముఖ్య నిర్మాణమగు అగ్నిమాపకశాలను కట్టించినది, విట్రా యను కుర్చీల కార్ఖానా! 2004లో ప్రిట్జ్‌కర్ బహుమానము పొందిన తొలి స్త్రీ ఆమెయే. మేధ ఏ ద్వారమునుండియైనను రావచ్చును. మేము కోరునది, వడ్రంగి శాలనుండి వచ్చు ద్వారమును మూయకుండుటయే.

యూరపునందలి ఆ ద్వారము దైవవశమున తెరచుకొన్నది కాదు. స్విట్జర్లండున నేటికిని యువకులలో మూడింట రెండువంతులమంది శిష్యరికపు మార్గముననే పైచదువు ప్రారంభింతురు. 1990ల దశాబ్దమున నెలకొల్పిన వృత్తివిద్యా పట్టపరీక్ష మూలమున, వారు ప్రయోగశాస్త్ర విశ్వవిద్యాలయములకు పోవు హక్కును పొందిరి. ఉలి పట్టినవాడు చదువు చాలించినవాడని అచ్చట ఎవరును భావింపరు.

మన దేశమున నిట్టి దృష్టాంతము పూర్తిగా లేదనరాదు. 2018లో ప్రిట్జ్‌కర్ బహుమానము నందిన తొలి భారతీయుడు బాలకృష్ణ దోషీ. 2023లో దివంగతుడైన ఈయన కుటుంబము రెండు తరములుగా కర్రసామానుల వ్యాపారము చేసినట్టిది. 1958లో మన ప్రభుత్వాహ్వానముపై పర్యటించిన అమెరికా దంపతులు చార్లెస్, రే ఈమ్స్ తమ నివేదికలో అన్నిటికంటె మిన్నగా మెచ్చుకొన్న వస్తువు మన చెంబు. దానిని ఏ యొక్కరును కల్పింపలేదు, తరతరముల చేతులు తీర్చినవని వారు గ్రహించిరి. ఆ నివేదిక ఫలముగా 1961లో అహమ్మదాబాదున జాతీయ రూపకల్పన సంస్థ వెలసెను. ఆంధ్రప్రదేశమునకును అట్టి సంస్థ 2015లో వచ్చి, 2019 నాటి చట్టముచే జాతీయ ప్రాముఖ్యము పొందినది. సంతోషమే. కాని పట్టతరగతిలో ప్రవేశము పండ్రెండవ తరగతి ముగించి, ప్రవేశపరీక్షలు దాటినవారికే. ఏటికొప్పాకలో లక్కబొమ్మలు తీర్చు కుటుంబపు బాలుడు ఆ పరీక్ష దాటుట ఎట్లు?

వేరొకవైపున 2023 సెప్టెంబరు 17న ప్రధానమంత్రి విశ్వకర్మ పథకమును ప్రారంభించిరి. వడ్రంగము మొదలుగా 18 వృత్తులవారికి పనిముట్లకై రు. 15,000 ఇచ్చుటకును, నూటికి 5 వడ్డీపై రెండు విడతలుగా రు. 3 లక్షల వరకు అప్పిచ్చుటకును, అయిదు మొదలు ఏడు దినముల తొలి శిక్షణము, పదునైదు దినముల పై శిక్షణము గఱపుటకును నిర్ణయించిరి. అప్పు, పనిముట్టు అవసరములే. వానిని మేము తక్కువ చేయము. అయితే బాడిశ పట్టుట మన వడ్రంగికి ఎవ్వరును నేర్పనక్కరలేదు. ఆతనికి కావలసినది రేఖాచిత్రము, పదార్థశాస్త్రము, తన కల్పనపై తన పేరు నిలుపుకొను హక్కు. అవి పదునైదు దినములలో రావు. ఒక ప్రభుత్వశాఖ అతనికి ఉలి నిచ్చుచున్నది. వేరొక శాఖ పరులకు పెన్సిలు నిచ్చుచున్నది. ఆ రెండు శాఖలకును పరిచయమే లేనట్లున్నది.

ఆంధ్రదేశమందలి రూపకల్పన సంస్థవారు ఏటేట కొన్ని స్థానములను, పదియేండ్లు పనిచేసిన చేతివృత్తులవారికై ప్రత్యేకించి, వ్రాతపరీక్షకు మారుగా వారి పనినే చూచి చేర్చుకొనవలెను. పాఠము తెలుగున చెప్పవలెను. తక్కిన విద్యార్థులను ఒక యేడు పల్లెలలో వడ్రంగి, కమ్మరి, కంచరి శాలలకు పంపవలెను. ఇది ప్రభుత్వము చేయవలసిన పని.

పాఠకులు చేయదగినదియు నొకటి గలదు. నేడు కలవారు ఇల్లు కట్టునపుడు ఇంజనీరుకు పటము గీసినందులకు రుసుము చెల్లింతురు. వడ్రంగికి మాత్రము ఫోనులో ఒక పరదేశపు తలుపు బొమ్మను చూపి, అట్లే చేయుమని దినకూలి మాటలాడుదురు. ఆతడు తన యూహతో ద్వారబంధమునకు ఒక నమూనా గీసి తెచ్చినచో, ఆ గీతకు వేరుగా వెల కట్టి యిచ్చువారు మన జిల్లాలలో ఎందరున్నారు?