టోల్ కట్టనివ్వరు, జుర్మానా మాత్రం వదలరు

ముందే ఒక మాట సాఫ్‌గా చెప్పేస్తాను. దారి డబ్బులు ఎగ్గొట్టే ఖాందాన్ కాదు మాది. నాకు హాఫ్ టికెట్ వయసు దాటిన మర్నాడే ఆర్టీసీ బస్సులో ఫుల్ టికెట్ తీసుకున్న మనిషి మా అబ్బా. రోడ్డు వేయడానికి ఖర్చవుతుంది, దాని మీద తిరిగేవాడు ఇవ్వాలి. ఇందులో బహస్ ఏమీ లేదు. నా ఫిర్యాదు వేరే. డబ్బులు చేతిలో పట్టుకుని నిలబడ్డ ముసాఫిర్‌కి కట్టే దర్వాజా చూపించరు. తర్వాత కట్టలేదని ఇంటికి నోటీసు పంపుతారు. ఇది ఎక్కడి ఇన్సాఫ్? యూరప్ దారుల్లో నేను చూసింది ఇదే.

2023 సెప్టెంబర్‌లో, మ్యూనిక్‌లో ఉద్యోగం చేసే మా ఖాలా కొడుకు ఒక మోటర్‌హోమ్ కిరాయికి తీసుకున్నాడు. చక్రాల మీద ఇల్లు. లోపల పొయ్యి, పక్కలు, చిన్న గుసల్‌ఖానా. వాడి కుటుంబం, నేను, మా బేగం. ఇన్స్‌బ్రుక్ మీదుగా బ్రెన్నర్ కనుమ దాటి ఇటలీ, అక్కడి నుంచి వెనిస్, ట్రియెస్టె, స్లొవేనియాలో లుబ్లియానా, మళ్లీ ఆస్ట్రియా మీదుగా వాపస్. పది రోజులు, నాలుగు సరిహద్దులు. హలాల్ గోష్త్ దొరకదేమోనన్న ఫికర్‌తో మా బేగం ఫ్రిజ్ నిండా వండి పెట్టుకుంది. ఆ ఫికర్ బేకార్ అయింది, గోష్త్ అన్నిచోట్లా దొరికింది. దొరకనిది టోల్ కట్టే పద్ధతే.

ఆస్ట్రియా హిసాబ్ వినండి. అక్కడ మోటర్‌వే ఎక్కాలంటే విగ్నెట్ ఉండాలి. ఒకప్పుడు అద్దానికి అంటించే చీటీ, ఇప్పుడు నంబర్ ప్లేట్ మీద డిజిటల్‌గా కూడా ఇస్తారు. సరే, కొన్నాం. కొన్నాక తెలిసింది, బ్రెన్నర్ దారికి అది చెల్లదు, అక్కడ టోల్ వేరు. తిరుగు ప్రయాణంలో కారవాంకెన్ సొరంగానికి వేరు, టావెర్న్ సొరంగానికి మళ్లీ వేరు. కొండ తొలిచినందుకు ఎక్కువ ఖర్చయిందంటారు, ఒప్పుకుంటాను. కానీ చీటీ అమ్మేవాడు "ఇది ఫలానా చోట్ల పనికిరాదు జనాబ్" అని ఒక్క ముక్క చెప్పడా?

పైగా ఈ డిజిటల్ విగ్నెట్ మీద చాలా కాలం నడిచిన తమాషా ఒకటుంది. మామూలు మనిషి ఆన్‌లైన్‌లో కొంటే పద్దెనిమిదో రోజు నుంచే అది చెల్లేది. ఎందుకంటే, ఆన్‌లైన్‌లో కొన్న సరుకు పద్నాలుగు రోజుల్లో వాపస్ ఇచ్చే హక్కు గ్రాహకుడికి ఉంది కదా, ఆ గడువు దాటేదాకా ఆగాలట. గ్రాహకుణ్ని కాపాడే కానూన్‌తోనే గ్రాహకుడికి గోడ కట్టారు! రేపు పొద్దున సరిహద్దు దాటాల్సినవాడు ఏం చేస్తాడు? ఫోన్‌లో వెతుకుతాడు. అసలు సంస్థ కంటే ముందు దలాల్‌ల వెబ్‌సైట్లు కనబడతాయి. వెంటనే చెల్లుబాటు అని రాసి, అసలు ధర మీద తమ కమీషన్ వేసుకుని అమ్ముతారు. హుకూమత్ దర్వాజా మూస్తే దలాల్ కిటికీ తెరుస్తాడు. మన ఆర్టీవో ఆఫీసు ముందు చెట్టు కింద కూర్చునే ఆయనే, అక్కడ కోటు వేసుకుని ఇంటర్నెట్‌లో కూర్చున్నాడు.

ఇక మోటర్‌హోమ్ వాళ్ల అసలు ముసీబత్‌కి వస్తాను. కారు కారే, లారీ లారీయే. మోటర్‌హోమ్ ఏమిటి? ఈ సవాల్‌కి ఒక్కో దేశం ఒక్కో జవాబు ఇస్తుంది. ఆస్ట్రియా బరువు చూస్తుంది. కాగితాల్లో అనుమతించిన గరిష్ఠ బరువు 3.5 టన్నులు దాటితే విగ్నెట్ పనికిరాదు, గో-బాక్స్ అనే డబ్బా పెట్టుకుని లారీలాగా కిలోమీటర్ లెక్కన కట్టాలి. స్విట్జర్లాండ్‌లోనూ 3.5 టన్నులు దాటితే భారీ వాహనాల సుంకం. ఫ్రాన్స్ ఎత్తు చూస్తుంది. 2 మీటర్లు దాటితే కారు క్లాస్ కాదు, రెండో క్లాస్. 3 మీటర్లు దాటితే మూడో క్లాస్. ఇటలీ కూడా ఎత్తే చూస్తుంది, కానీ బండి మొత్తం ఎత్తు కాదు, ముందు ఇరుసు దగ్గర ఎత్తు. అక్కడ 1.30 మీటర్లు దాటితే క్లాస్ మారుతుంది. స్లొవేనియాలోనూ ఆ 1.30 మీటర్ల కొలతే ఉంది. దాన్ని బట్టి బండి 2ఏ అవుతుంది, లేదా 2బీ. కానీ మోటర్‌హోమ్ అయితే ఎత్తు ఎంతున్నా 2ఏ. అదే కొలతల వ్యాన్ సామాను మోసేదయితే 2బీ. తప్పు క్లాస్ కొన్నవాడు కట్టినట్టు కాదు, కట్టనట్టే.

అంటే ముసాఫిర్ బయల్దేరే ముందు తూకం రాళ్లు, టేపు, ఇరుసుల గురించి తెలిసిన ఒక మేస్త్రీని వెంట తీసుకెళ్లాలి. ఒకే బండి, అవే చక్రాలు, లోపల అవే పిల్లలు. కనుమ దాటగానే జాత్ మారిపోతుంది.

ఇటలీలో మా తక్లీఫ్ మొదలైంది. అక్కడ టికెట్ తీసుకుని లోపలికి వెళ్లి, బయటికి వచ్చేచోట కడతారు. సీదా పద్ధతి, నాకు నచ్చింది కూడా. వెరోనా దాటాక బయటికి వచ్చే గేటు దగ్గర మెషీన్ మా వాడి కార్డు తీసుకోలేదు. రెండో కార్డూ తీసుకోలేదు. నోటు పెట్టే సందు ఆ లైన్‌లో లేదు. సాయం బటన్ నొక్కితే ఇటాలియన్‌లో ఒక గొంతు ఏదో చెప్పింది. మా వాడు జర్మన్‌లో చెప్పాడు, నేను ఇంగ్లిష్‌లో చెప్పాను. వెనక హారన్లు. "ఈ హారన్లు వినడానికి ఇంత దూరం రావాలా? మెహిదీపట్నంలో వినబడవూ?" అంది మా బేగం వెనక సోఫా మీంచి. చివరికి మెషీన్ ఒక పొడుగాటి చీటీ కక్కింది, గేటు లేచింది. చీటీ అర్థం ఏమిటంటే, మీరు కట్టలేదు, పదిహేను రోజుల్లో కట్టండి.

ఆ రాత్రే క్యాంపులో కూర్చుని కట్టబోయాం. పేజీలో అన్నీ నింపాక చివర్లో ఎర్ర అక్షరాలు. మర్నాడు మళ్లీ, మళ్లీ ఎర్ర అక్షరాలు. మూడో రోజు వెనిస్ చూసే హడావిడిలో పడ్డాం, ఈ కసూర్ మాది, ఒప్పుకుంటాను. ఎనిమిది నెలల తర్వాత మా వాడికి ఉత్తరం వచ్చింది. కిరాయి కంపెనీ పేరు, టోల్ కంపెనీ పేరు చెప్పను, ఆ ఇద్దరి పేర్లకు ఇక్కడ జాగా లేదు. టోల్ ఇరవై యూరోల లోపు. దాని మీద వసూలు ఖర్చు. ఆ పైన, మా వాడి చిరునామా టోల్ కంపెనీకి ఇచ్చినందుకు కిరాయి కంపెనీ కాగితాల ఖర్చు 35 యూరోలు. మన చిరునామా అమ్మి మన దగ్గరే డబ్బులు తీసుకునే కారోబార్ ఇది, వల్లాహ్.

"చదువుకుని వెళ్లాల్సింది, కానూన్ తెలియదంటే కుదరదు" అని నాకు చెప్పిన దోస్తులు ఉన్నారు. కానూన్ తెలియకపోవడం వేరు, కానూన్ ప్రకారం కట్టడానికి చోటు లేకపోవడం వేరు. పోర్చుగల్ మిసాల్ తీసుకోండి. 2010 నుంచి అక్కడ కొన్ని రోడ్ల మీద బూత్‌లు లేకుండా, కెమెరాలతో, డబ్బాలతో టోల్ పెట్టారు. 2011 డిసెంబర్‌లో దక్షిణాన సముద్రం ఒడ్డున పోయే ఏ22 మీదా వేశారు. స్పెయిన్ నుంచి వచ్చే పరదేశీ బండి సరిహద్దు దగ్గర ఆగి, మెషీన్‌లో కార్డు పెట్టి నంబర్ ప్లేట్‌కి జోడించుకోవాలి. అది తెలియకుండా దాటినవాడు ఆ క్షణం నుంచీ బాకీదారే. ఇన్నేళ్లు అలా నడిపి, 2025 జనవరి 1 నుంచి ఏ22తో సహా ఆ రోడ్లలో చాలావాటి మీద టోల్ మొత్తానికే తీసేశారు. ఈలోగా బాకీ పడ్డవాళ్లు పడ్డారు.

ఇంగ్లండ్‌లో డార్ట్‌ఫర్డ్ దగ్గర థేమ్స్ నది దాటే చోట 2014 నవంబర్‌లో బూత్‌లు తీసేశారు, మర్నాడు అర్ధరాత్రిలోగా ఆన్‌లైన్‌లో కట్టాలి. లండన్‌లో ఉండే మన తెలుగువాళ్లకు ఇది కొట్టినపిండి. ఖండం నుంచి ఓడ దిగి వచ్చిన డచ్చి ముసలాయనకు? ఫ్రాన్స్‌లో పారిస్ నుంచి నార్మండీ పోయే ఏ13 మీదా గేట్లు పోయాయి. అక్కడ 72 గంటల గడువు. గేటు ఉంటే కనీసం ఆపుతుంది, ఇంత ఇవ్వు అంటుంది. గేటు లేని రోడ్డు నవ్వుతూ పోనిచ్చి, వెనక నుంచి ఉత్తరం పంపుతుంది.

ఇదంతా నాదానీ అనుకునేవాణ్ని, జర్మనీ కిస్సా తెలియకపోతే. జర్మనీలో కార్లకు టోల్ లేదు. 2015లో అక్కడి పార్లమెంట్ ఒక చట్టం చేసింది. దాని ప్రకారం అందరూ విగ్నెట్ కొనాలి. కానీ జర్మనీ బండ్లవాళ్లకు ఆ మేరకు వాహన పన్ను తగ్గిస్తారు. పైకి అందరి మీదా వేసినట్టు, జేబులోంచి పోయేది పరదేశీకి మాత్రమే. ఆస్ట్రియా లక్సెంబర్గ్‌లోని యూరప్ కోర్టుకి వెళ్లింది, నెదర్లాండ్స్ వంత పాడింది. 2019 జూన్ 18న కోర్టు ఆ టోల్‌ను కొట్టేసింది, ఇది దేశం చూసి వివక్ష చేయడమే అంది. అప్పటికే రవాణా మంత్రి ఆండ్రియాస్ షోయర్ తీర్పు కోసం ఆగకుండా కంపెనీలతో కాంట్రాక్టు చేసేశాడు. 2023లో ఆ కంపెనీలకు 24 కోట్ల 30 లక్షల యూరోల పరిహారం ఇవ్వాల్సి వచ్చింది. పరదేశీ జేబు మీద కన్నేస్తే సొంత ఖజానాకి చిల్లు పడింది.

స్లొవేనియా కూడా 2008లో విగ్నెట్ మొదలుపెట్టినప్పుడు ఆరు నెలలది, ఏడాదిది మాత్రమే పెట్టింది. రెండు గంటల్లో దేశం దాటేసి క్రొయేషియా సముద్రానికి పోయేవాడు కూడా ఆరు నెలలకు కొనాలి! యూరోపియన్ కమిషన్ కన్నెర్ర చేశాక 2009లో వారం విగ్నెట్ వచ్చింది. స్విట్జర్లాండ్ ఈ యూనియన్‌లో లేదు కాబట్టి దానికి ఆ భయమూ లేదు. ఒక్క పూట దాటినా ఏడాది విగ్నెట్టే, 40 ఫ్రాంకులు. లేకుండా దొరికితే 200 జుర్మానా, ఆపైన విగ్నెట్ ధర.

యూరప్ అంతటా ఒకే డబ్బా, ఒకే ఒప్పందం అన్న వాదా 2004 నాటిది. లారీల వాళ్లకు కొంత నెరవేరింది. చిన్న బండ్లకు ఫ్రాన్స్, స్పెయిన్, పోర్చుగల్, ఇటలీల్లో పనిచేసే ప్రైవేటు డబ్బాలు వచ్చాయి, అవి బాగానే ఉన్నాయట, కాదనను. అవి అక్కడే బతికేవాడికి, ఏడాదికి నాలుగుసార్లు తిరిగేవాడికి. పది రోజుల కిరాయి బండివాడికి కాదు. 2019లో ఆ పాత చట్టం స్థానంలో కొత్తది తెచ్చారు. దాని పేరులోనే రెండు పనులున్నాయి. ఒకటి, టోల్ పద్ధతులను ఒకదానితో ఒకటి కలపడం. రెండోది, టోల్ కట్టనివాళ్ల వివరాలు దేశాలు ఇచ్చిపుచ్చుకోవడం. నా నంబర్ ప్లేట్ ఎవరిదో కనుక్కోవడానికి దేశాల కంప్యూటర్లు మాట్లాడుకోగలవు. అదే నంబర్ ప్లేట్ మీద నేను డబ్బు కడతానంటే మాత్రం ఒకదాని భాష ఒకదానికి రాదు!

నేను అడిగేది ఆస్మాన్‌లో చుక్కలు కాదు. పరదేశీ బండి తెలియక దాటితే, మొదటిసారికి ఉత్తరంలో అసలు టోల్ మాత్రమే అడగండి, నెల గడువు ఇవ్వండి. అప్పుడూ కట్టకపోతే జుర్మానా వేయండి, నేనే మీ వైపు మాట్లాడతాను. మోటర్‌హోమ్ ఏ క్లాసో ఒక్కసారి కూర్చుని తేల్చి దాని రిజిస్ట్రేషన్ కాగితం మీదే రాయండి. ముసాఫిర్‌కి జకాత్‌లో కూడా హక్కు ఉందని నేర్చుకుని పెరిగినవాణ్ని నేను, వీళ్లను ఖైరాత్ అడగడం లేదు. రసీదు అడుగుతున్నాను.

మనం తక్కువ తిన్నామా అని ఎవరైనా అడిగితే, లేదు. మన దగ్గర 2021 ఫిబ్రవరి నుంచి ఫాస్టాగ్ లేని బండికి రెట్టింపు. విజయవాడ దారిలో పంతంగి దగ్గర నోటు చేత్తో పట్టుకున్నవాడు కూడా ముజ్రిమ్ లాగే నిలబడ్డాడు. 2025 నవంబర్‌లో కాస్త కనికరించి, యూపీఐతో కడితే ఒకటింపావు వంతు అన్నారు. అయినా పంతంగిలో మనిషి ఉంటాడు. తిట్టుకుంటూనే అయినా కట్టించుకుంటాడు, చిల్లర లేదంటాడు, పోనిస్తాడు. ఎనిమిది నెలల తర్వాత ఇంటికి రాడు.

మా ఖాలా కొడుకు ఆ బాకీ మొత్తం కట్టేశాడు, రసీదు ఫోటో కూడా పంపాడు. నిన్న రాత్రి మళ్లీ ఫోన్ చేశాడు. "భాయిజాన్, ఇంకో కవర్ వచ్చింది. ఈసారి స్టాంపు వేరే దేశానిది" అన్నాడు. ఇంకా విప్పలేదట.