చెఱువుగట్టున చదువు

ఉండి గ్రామమున కృషి విజ్ఞాన కేంద్రము కలదు. మత్స్యపరిశోధన కేంద్రమును కలదు. తూర్పున మార్టేరులో వరి పరిశోధన 1925 నుండి సాగుచున్నది. అచట పుట్టి 1982లో విడుదలయైన స్వర్ణ వంగడమును ఒరిస్సా, వంగదేశముల రైతులును నాటుచున్నారు. ఉత్తరమున తాడేపల్లిగూడెము చెంత వెంకటరామన్నగూడెములో ఉద్యాన విశ్వవిద్యాలయము కలదు. ఈ సీమకు విద్యలో కఱవు లేదు. అయినను రాత్రివేళ చెఱువుగట్టుమీది పాకలో కాపున్న మనుష్యునికి గురువెవడు? మందుల దుకాణదారుడు. ఈ మాట కటువుగా తోచినవారు ఆకివీటికో కైకలూరికో పోయి రెండునాళ్లు గట్టుమీద కూర్చుండి చూడవచ్చును.

చెఱువునీటి ధర్మము తెలియరానిది కాదు. పగటి యెండలో నీటిలోని పచ్చని నాచు ప్రాణవాయువును పుట్టించును. రాత్రి అదియే దానిని పీల్చుకొనును. కావున తెల్లవాఱుటకు ముందు నీటిలో ఊపిరి మిక్కిలి తగ్గును. మబ్బు మూసిన దినమునకు మఱునాటి వేకువ మఱింత తగ్గును. శీలావతియు బొచ్చెయు నోళ్లు తెఱచి పైకి తేలు గడియ అది. ముందటి సాయంకాలమే నీరు పరీక్షించి, మేత తగ్గించి, సకాలమున ఏరియేటరు తిప్పినవాని పంట దక్కును. తెలియనివాడు తెల్లవాఱి తేలిన చేపలను చూచి దుకాణమునకు పరుగెత్తును. దుకాణదారుడు సీసా యిచ్చును. ఊపిరాడనిదానికి మందేల? దుకాణదారుని మేము దొంగ యనుట లేదు. అమ్ముట వాని వృత్తి. కాని క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ జాతి మందులు చెఱువులలో వాడరాదను నిషేధము కలదే, ఎగుమతి రొయ్యలో వాని జాడ కనబడిన సరకు తిరస్కరింపబడునే, ఆ సంగతి సీసా కొనువానికి చెప్పు బాధ్యత ఎవరిది? 1994–95లో తెల్లమచ్చ రోగము టైగరు రొయ్యను పాడుచేసి కోస్తా రైతులను అప్పులలో ముంచెను. 2009లో వెనామీకి అనుమతి వచ్చినది. రొయ్య మాఱినది, గురువు మాఱలేదు.

కొల్లేటి కథయు నిట్టిదే. 1999లో సరస్సు అయిదవ కాంటూరు వఱకు అభయారణ్యముగా ప్రకటింపబడినది. 2006లో యంత్రములు వచ్చి గట్లు తెంచినవి. నడుమ ఏడేండ్లు! పెట్టుబడి పెట్టినవాడు వకీలు నడిగి హద్దు తెలిసికొనగలడు. కౌలుపత్రముపై వ్రేలిముద్ర వేసినవాడు యంత్రమును చూచి తెలిసికొనవలసినదే. వకీలు వృత్తిలోనివారము గనుక ఈ భేదమును మేము బాగుగ నెఱుగుదుము.

భీమవరమున దంతులూరి నారాయణరాజు కళాశాలయు, ఏలూరున సర్ సి.ఆర్. రెడ్డి కళాశాలయు 1945లో వెలసినవి. ఈ సీమ కళాశాలలు ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయమునకు అనుబంధములు. పరిశోధన కేంద్రములు వేఱు విశ్వవిద్యాలయముల సొత్తు. ఒక యింటి పిల్లవానికి ప్రక్కయింటి నూతిలో చేద వేయు హక్కు లేనట్లున్నది వ్యవహారము. 2020లో ప్రభుత్వము డిగ్రీ పాఠ్యప్రణాళికలో పది నెలల అనుభవశిక్షణను చేర్చినది. మంచి తలంపు. ఆ పది నెలలు చెఱువులమీదను చేలలోను గడపిన విద్యార్థులెందఱో, కాగితముమీద గడపినవారెందఱో కళాశాలాధ్యక్షులు తమ పట్టికలు తెఱచి చూపుదురు గాక.

ఇక విశ్వవిద్యాలయముల సంగతి. 1964లో ప్రారంభమైనది ఒక్క వ్యవసాయ విశ్వవిద్యాలయమే. తరువాత 2005లో పశువులు, 2007లో తోటలు, 2020లో చేపలు ఒకటొకటిగా వేఱుకాపురములు పెట్టినవి. ఉండి రైతునకు చేలో వరి, గట్టుమీద కొబ్బరి, పాకలో గేదె, ప్రక్కన చెఱువు. ఆతని అయిదెకరములకు నలుగురు ఉపకులపతులు! శాసనసభవారు చట్టము చేసి కొబ్బరిని చెఱువునుండి విడదీయవచ్చును. రొయ్యల చెఱువు ఉప్పు ప్రక్కచేలోనికి ఊరుటను ఏ విభజన చట్టమును ఆపజాలదు.

1964 నాటి విశ్వవిద్యాలయమునకు అమెరికాలోని కాన్సాస్ స్టేట్ విశ్వవిద్యాలయము తోడ్పడినది. బోధన, పరిశోధన, విస్తరణ ఒక్క కప్పుక్రింద నుండవలెనను పద్ధతి ఆ దేశపుది. 1862, 1914 నాటి వారి చట్టములు దానికి పునాదులు. అయితే అచట పెద్ద విశ్వవిద్యాలయములకు తోడుగా కమ్యూనిటీ కాలేజీలను చిన్న చదువులబళ్లు కలవు. పనిచేసికొను మనుష్యుడు సాయంకాలము వచ్చి చదువుకొనవచ్చును. ఆ చదువు లెక్కకు రాగా, కోరినచో పెద్ద విశ్వవిద్యాలయమునకు పోవచ్చును. మనము పెద్దింటిని తెచ్చుకొంటిమి. దాని వాకిలిని తెచ్చుకొనలేదు.

కృషి విజ్ఞాన కేంద్రము శిక్షణ లిచ్చుచున్నది గదా యందురు. ఇచ్చుచున్నది, అందలి శాస్త్రజ్ఞులను మేము తప్పుపట్టము. కాని అట్టి కేంద్రమునకు మంజూరైన కొలత ఒక అధిపతి, ఆఱుగురు విషయనిపుణులు. ఏడుగురు ఎన్ని గట్లెక్కుదురు? పదవ తరగతి పిమ్మట రెండేండ్ల వ్యవసాయ డిప్లొమా కలదందురు. పిల్లలకు మేలే. ముప్పదియేండ్ల కాపలాదారుడు కూలి మాని, ఆలుబిడ్డలను విడిచి రెండేండ్లు వసతిగృహమున నుండగలడా? ఇక పట్టాల విలువ పడిపోవునని జంకు పండితులకు మా ప్రశ్న యొక్కటే: గట్టుమీది మనుష్యునికి పనికిరాక నిలిచిన విలువ దేనికి?

మేము కోరునది పెద్ద ధనవ్యయము కాదు. నన్నయ విశ్వవిద్యాలయమువారును, రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయమువారును, మత్స్య విశ్వవిద్యాలయమువారును కూర్చుండి ఒక యొడంబడిక వ్రాసికొనవలయును. సాయంకాలము గది కళాశాలది; వేకువను చెఱువు పరిశోధన కేంద్రముది. బోధన తెలుగున, పరీక్ష నీటియొద్ద, నోటిమాటతో. ఆఱు నెలల చదువునకిచ్చు పత్రము పిమ్మట డిప్లొమాలో లెక్కకు రావలయును. రుసుము ఒక మందుసీసా వెలకు మించరాదు. పఠనమందిరములవారు ఈ కోరికతో మూడు విశ్వవిద్యాలయములకును మహజరులు వ్రాసి, పట్టణపు పెద్దల సంతకముల క్రింద చెఱువు కాపలాదారుల వ్రేలిముద్రలనుకూడ చేర్చి, వచ్చు ప్రవేశములకు ముందే పంపవలయును.