వర్లిలో తగ్గిన ఆ ఒక్క పాయింటు

మన బాక్సర్ కొద్ది తేడాతో ఓడితే చాలు, దేశమంతా ఒకటే కేక: దోచుకున్నారు! 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో మేరీ కోమ్ 3-2తో ఓడినప్పుడూ అదే కేక, 2024లో పారిస్‌లో నిశాంత్ దేవ్ 4-1తో ఓడినప్పుడూ అదే కేక. మాజీ బాక్సర్లు, సినిమా నటులు, కేంద్రమంత్రులు కూడా అందులో గొంతు కలిపారు. ఈ కేక వల్ల మన బాక్సింగ్‌కు మేలు జరగదని, కీడే జరుగుతోందని నేను గట్టిగా నమ్ముతున్నాను.

2017 ఆగస్టు 5న ముంబైలోని వర్లిలో ఏం జరిగిందో చూడండి. బీడీడీ చాళ్లకు దగ్గర్లోనే ఉన్న ఎన్‌ఎస్‌సీఐ డోమ్‌లో విజేందర్ సింగ్, చైనా బాక్సర్ జుల్పికార్ మైమైతియాలీ తలపడ్డారు. అప్పుడు డోక్లామ్ దగ్గర రెండు దేశాల సైన్యాలు ఎదురెదురుగా నిలబడి ఉన్నాయి కాబట్టి హాల్లో వేడి ఎంతుందో వేరే చెప్పాలా? పది రౌండ్లయ్యాక ముగ్గురు జడ్జీలూ విజేందర్‌కే గెలుపు ఇచ్చారు: 96-93, 95-94, 95-94. గెలిచిన విజేందర్, సరిహద్దులో శాంతి కోసం బెల్టును జుల్పికార్‌కే తిరిగి ఇచ్చేస్తానన్నాడు. పత్రికలన్నీ ఆ మాట రాశాయి. స్కోరు కార్డులను కూడి చూసినవాళ్లు మాత్రం కనబడలేదు.

రౌండ్ గెలిచినవాడికి 10, ఓడినవాడికి 9. పది రౌండ్లకు ఇద్దరి పాయింట్లూ కలిపితే 190 రావాలి. ఆ రోజు మూడు కార్డుల్లోనూ వచ్చింది 189. చైనా బాక్సర్ నడుము కింద కొట్టినందుకు రెఫరీ తీసేసిన పాయింటే ఆ తేడా. ఆ పాయింటు అతనికి తిరిగి కలిపితే రెండు కార్డులు 95-95 అవుతాయి. ఇద్దరు జడ్జీల దగ్గర సమానమైతే పోటీ డ్రా. అంటే వర్లిలో గెలుపును తేల్చింది గుద్దు కాదు, రెఫరీ వేసిన శిక్ష.

ఆ తీర్పు తప్పని నేననను. నడుము కింద పదేపదే కొడితే పాయింటు పోతుందని నియమంలోనే ఉంది, రెఫరీ దాన్ని అమలు చేశాడు. కానీ ఇదే పోటీ షాంఘైలో జరిగి, ఆ ఒక్క పాయింటూ మనవాడికి పోయి, రెండు కార్డుల్లో 95-94తో ఓడి ఉంటే? వర్లి చాళ్ల నుంచి కామాటిపుర గల్లీల దాకా, అక్కడి నుంచి నిజామాబాద్ దాకా మనం ఏమనేవాళ్లం? నిజాయితీగా జవాబు చెప్పుకోవాలి. మనవాడు గెలిస్తే నియమం, ఓడితే దోపిడీ అనుకునేవాళ్లకు న్యాయం అడిగే నైతిక హక్కు ఉండదు.

ఇక టోక్యో. కొలంబియాకు చెందిన ఇంగ్రిత్ వలెన్సియాతో ఆడిన మూడు రౌండ్లలో రెండు మేరీవే కదా, ఎలా ఓడిందని అందరూ అడిగారు. మొదటి రౌండ్‌ను ఐదుగురు జడ్జీల్లో నలుగురు వలెన్సియాకిచ్చారు. తర్వాతి రెండూ మేరీకి 3-2తో వచ్చాయి. ఐదుగురి మూడు రౌండ్లూ కలిపితే పదిహేను నిర్ణయాలు. వాటిలో మేరీకి ఏడు, వలెన్సియాకు ఎనిమిది. ఏ జడ్జి కార్డు ఆ జడ్జే కూడతాడు. రౌండ్‌కో ఓటింగు పెట్టి మొత్తం తేల్చరు. మేరీ దుఃఖం నిజమే. కానీ అక్కడ దొంగతనం లేదు.

తెలుగువాళ్లకు ఇంకా దగ్గరి సంగతి మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్‌ది. 2019 డిసెంబర్ 28న ఒలింపిక్ అర్హత పోటీల కోసం పెట్టిన ఢిల్లీ ట్రయల్‌లో ఆమె మేరీ కోమ్ చేతిలో 9-1తో ఓడింది. తెలంగాణ బాక్సింగ్ సంఘం వాళ్లు హాల్లోనే నిరసన తెలిపారు. వాళ్ల కోపాన్ని నేను అర్థం చేసుకోగలను, కానీ అది తప్పు చోట పడింది. అన్యాయం అంతకు ముందే జరిగింది: ట్రయల్ పెట్టకుండానే మేరీని పంపాలని బాక్సింగ్ సమాఖ్య మొగ్గు చూపినప్పుడు, ఒక ట్రయల్ కోసం నిఖత్ క్రీడామంత్రికి బహిరంగంగా లేఖ రాయాల్సి వచ్చినప్పుడు. ఆమె అడిగింది బరిలోకి దిగే అవకాశమే. అది దక్కాక ఓడింది, తిరిగొచ్చి 2022లో ఇస్తాంబుల్‌లో 5-0తో ప్రపంచ చాంపియన్ అయింది. మనమేమో 9-1 గురించీ, మేరీ ఇవ్వని కరచాలనం గురించీ మాట్లాడుకున్నాం. ఎంపిక పద్ధతిని నిలదీయడం మరిచిపోయాం.

మనుషుల్ని నమ్మలేం కాబట్టి యంత్రానికి అప్పజెప్పాలనే వాళ్లూ ఉన్నారు. అదీ చూశాం. 1988లో సియోల్‌లో అమెరికా బాక్సర్ రాయ్ జోన్స్ 86 గుద్దులు తగిలించి, 32 మాత్రమే తగిలించిన ఆతిథ్య దేశపు పార్క్ సి-హున్ చేతిలో 3-2తో ఓడాడు. అది నిస్సందేహంగా దోపిడీ. దాని తర్వాతే 1992 నుంచి మీటలు వచ్చాయి: ఒక్క సెకను వ్యవధిలో ఐదుగురు జడ్జీల్లో ముగ్గురు నొక్కితేనే పాయింటు. ఇరవయ్యేళ్లు నడిపి, గొడవలు తీరక, 2013లో ఎత్తేశారు.

ఆ మీటల కాలంలోనే, 2012 లండన్‌లో, వికాస్ క్రిషన్ 13-11తో అమెరికా బాక్సర్ ఎరాల్ స్పెన్స్‌ను ఓడించాడు. కొన్ని గంటలకే అప్పీలులో అది 15-13గా తిరగబడింది. వికాస్ మూడో రౌండ్‌లో తొమ్మిదిసార్లు ప్రత్యర్థిని పట్టుకున్నాడనీ, రెండో రౌండ్‌లో కావాలనే పళ్ల కవచం ఉమ్మేశాడనీ, కనీసం రెండు హెచ్చరికలకు నాలుగు పాయింట్లు స్పెన్స్‌కు రావాలనీ చెప్పారు. మనవాళ్లు ఇప్పటికీ తిట్టుకునే తీర్పు ఇది. నాకైతే ఇందులో మెచ్చదగ్గది ఒకటి కనిపిస్తుంది: ఏ తప్పు, ఏ రౌండ్‌లో, ఎన్నిసార్లు అని లెక్క చెప్పారు. కారణం చెప్పిన తీర్పుతో వాదించవచ్చు.

కారణం చెప్పని తీర్పు ఎలా ఉంటుందో 2014లో ఇంచియాన్‌లో సరితాదేవి చవిచూసింది. ఆసియా క్రీడల సెమీఫైనల్‌లో కొరియా అమ్మాయి పార్క్ జి-నాను ఆమె చితక్కొట్టిందని చూసినవాళ్లంతా అన్నారు. కార్డులు మాత్రం 3-0తో కొరియావే. అప్పీలుకు 500 డాలర్ల రుసుము కోసం ఆమె మనుషులు అక్కడికక్కడ అప్పు వెతుక్కోవాల్సి వచ్చింది. జడ్జీల తీర్పు మీద అప్పీలే లేదని దాన్ని కొట్టేశారు. పతకాల వేదిక మీద ఆమె ఏడుస్తూ తన కాంస్యాన్ని పార్క్ మెడలో వేసింది. దానికి ఆమె క్షమాపణ చెప్పాల్సి వచ్చింది, పైగా ఏడాది నిషేధం. మన కేకంతా అవసరమైన చోటు అదే. వలెన్సియా గెలుపు మీదా, ఢిల్లీ 9-1 మీదా పెట్టిన కోపంలో పదో వంతు ఆ ముగ్గురు జడ్జీల కార్డుల మీద పెట్టి, ఏ రౌండ్ ఎందుకు ఇచ్చారో చెప్పమని మన సమాఖ్యను వెంటపడి అడిగించి ఉంటే, సరిత ఆ ఏడాది ఒంటరిగా శిక్ష అనుభవించేది కాదు.